నెత్తురు పడినచో మొలలేనా?

మలముతో నెత్తురు పడినచో అది మూలశంకయే, ఒంటికి వేడి చేయుటచేత వచ్చినది, పసరు త్రాగినను దారము కట్టించుకొనినను పోవును, పెద్దాసుపత్రి పరీక్షలు అక్కరలేదు అను మాట ఖమ్మము మొదలుకొని కొత్తగూడెము, భద్రాచలముల మీదుగా చర్ల, దుమ్ముగూడెముల అడవిపల్లెల దాక నమ్మకమై పాతుకొనియున్నది. పెద్దప్రేగు క్యాన్సరు కలవారు నెలల తరబడి మొలల మందులు వాడి, ప్రేగు మూసికొనిపోయి కడుపు ఉబ్బిన పిమ్మట శస్త్రవైద్యుని గడప త్రొక్కుటకు ఈ మాటయే మూలము.

నెత్తురు పడువారిలో అధికులకు మొలలే కారణమగుటచేత ఈ భ్రమ ఇంతకాలము నిలిచినది. అయినను మొలలుండుట క్యాన్సరు లేదనుటకు సాక్ష్యము కాదు. ఒకే మనిషికి రెండును ఉండవచ్చును. ఎఱ్ఱని నెత్తురైనచో మొలలని రంగును బట్టి తీర్పు చెప్పుదురు. గుదమునకు చేరువనున్న కంతి నుండియు ఎఱ్ఱని నెత్తురే వచ్చును. నొప్పి లేదు గనుక భయము లేదందురు. ప్రేగు లోపొరకు కోత తెలియదు గనుక కంతి చాలకాలము నొప్పి లేకయే పెరుగును. ఇక కుడివైపు పెద్దప్రేగులోని కంతి కంటికి కనబడని నెత్తురును దినదినము కార్చి మనిషిని పాలిపోజేయుచుండగా, నీరసమని ఇనుపమాత్రలిచ్చి పంపుదురే గాని, ఆ నెత్తురు ఎచ్చట పోవుచున్నదని అడుగువారు అరుదు. గుదములోని క్యాన్సరులలో పెక్కింటిని తొడుగు వేసికొనిన వ్రేలితోనే తడిమి తెలిసికొనవచ్చును. ఆ నిమిషమాత్రపు పరీక్షయైనను చేయక దారము కట్టువానిని వైద్యుడనుటకు నాకు నోరు రాదు.

ఈ వ్యాధి ఒక్కనాడు ఊడిపడునది కాదు. ప్రేగు లోపొరపై పాలిపు అను చిన్న పిలక లేచి, అది క్యాన్సరుగా మారుటకు సాధారణముగా పదేండ్లో అంతకు మించియో పట్టును; ఆ వ్యవధియే మనకు దొరకిన అవకాశము. 1969లో న్యూయార్కునందు వుల్ఫ్, షిన్యా అను వైద్యులు కడుపు కోయకయే కొలనోస్కోపు గొట్టము ద్వారా తీగ ఉచ్చు పంపి పాలిపులను కత్తిరించివేసిరి. 1993లో సిడ్నీ వినావర్ అను జీర్ణకోశవైద్యుడు తన సహచరులతో ప్రకటించిన పరిశోధనలో, పాలిపులు తీయించుకొనినవారికి ఈ క్యాన్సరు రావలసినదానికంటె 76 మొదలు 90 శాతము వరకు తక్కువగా వచ్చినదని తేలినది. ఇట్లు గొట్టము పంపి లోపల చూచు ఎండోస్కోపీ విద్య మనకు దూరపుది కాదు: కర్నూలు వైద్యకళాశాలలో చదివి, హైదరాబాదులో ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీని స్థాపించి, 2025లో పద్మవిభూషణ్ పొందిన డాక్టరు డి. నాగేశ్వరరెడ్డి దానియందు ప్రపంచఖ్యాతి గడించిన తెలుగువాడు.

ముక్క తీసి పరీక్షించినచో క్యాన్సరు పాకుననుట అసత్యము. అంటువ్యాధి యనుటయు అంతే. ముసలివారికే వచ్చుననుట ప్రమాదకరము. మన దేశమున ఏబది దాటనివారును పలువురు దీని పాలగుచున్నారు.

మన తిండి తినువారికి ఇది రాదను మాటలో మాత్రము కొంత నిజమున్నదని, ఇష్టము లేకున్నను, ఒప్పుకొనవలెను. పాశ్చాత్యదేశములకంటె భారతదేశమున ఈ వ్యాధి చాల తక్కువ. పొట్టుతోడి ధాన్యములు, పీచుగల కూరలు మేలు చేయుననుట సత్యమే. నిలువ చేసిన మాంసము క్యాన్సరు కారకమని 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన పరిశోధనా సంఘము నిర్ణయించినది. కాని తక్కువ యనగా లేదని కాదు. జొన్నగటుక తినుచునే పొగాకును సారాను విడువనివానికి ఆ తిండి కవచము కాజాలదు.

మన ప్రభుత్వము ముప్పది దాటినవారికి జరుపు పరీక్షలు నోటి, రొమ్ము, గర్భాశయముఖ క్యాన్సరులకే గనుక, ప్రేగు విషయమున ఎవరి జాగ్రత్త వారే పడవలెను. తల్లిదండ్రులలోగాని తోబుట్టువులలోగాని ఈ వ్యాధి వచ్చినవారు కలవారు నలుబదవ యేట, లేదా ఆ బంధువునకు వ్యాధి బయటపడిన వయస్సుకు పదేండ్లు ముందుగా, ఏది ముందైన అప్పుడు, కొలనోస్కోపీ చేయించుకొనవలెను. తక్కినవారు నలుబదియైదు దాటిన పిదప, కనబడని నెత్తురును పట్టు ఫిట్ అను మలపరీక్షను ఏటేట చేయించుకొనుట మంచిది. నెత్తురు కంటికే కనబడువారు, మలవిసర్జన అలవాటు మారినవారు, వెళ్లివచ్చినను ఇంకను మిగిలినట్లు తోచువారు, కారణము లేక చిక్కిపోవువారు ఆ మలపరీక్షతో సరిపుచ్చుకొనక నేరుగా వైద్యుని కడకు పోవలెను. క్యాన్సరని తేలినను హైదరాబాదులో ఎం.ఎన్.జె. ప్రభుత్వ ఆసుపత్రి కలదు. ఆరోగ్యశ్రీలో దీని చికిత్సయు చేరియున్నది. అంతవరకు పోకమునుపే, మీకు మొలలని చెప్పినవానిని, వ్రేలు పెట్టి చూచితివా, గొట్టము వేసి చూచితివా అని అడుగుడు. చూడలేదనినచో అతని మందు పుచ్చుకొనక లేచి రండు.