రాయలసీమ యోధుల కవచధారణము

కావ్యములందు ‘జోడు’ అను మాట కవచార్థమున కనబడినప్పుడు మన విద్యార్థులు ఐరోపా యోధుని నిలువెత్తు ఉక్కుతొడుగును ఊహించుచుందురు. ఆ తొడుగులో మనిషి కదలలేడనుట అపోహ. 15వ శతాబ్దియం దది సుమారు 20-25 కిలోలు తూగినను, బరువు మేనంతటను సర్దుకొనుటచే యోధుడు తానే గుఱ్ఱ మెక్కగలిగెడివాడు. అసలు చిక్కు ఉక్క. చెమట యాఱదు, అలసట శీఘ్రముగ గలుగును. కర్నూలు, కడప మండలముల యెండ నెఱిగినవారికి దీనిని వివరింప నక్కఱలేదు.

1520 ప్రాంతమున విజయనగరమును చూచిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, రాయల సైనికుల దళసరి కుట్టు అంగీలను, వానియందలి పచ్చితోలు పొరలను, ఇనుపరేకులను వర్ణించెను. ఇట్టి అంగీయు ఉక్క పుట్టించునదే. కాని ఒడలితోపాటు వంగును, త్వరగా విప్పవచ్చును. కావున గండికోటను కాచిన యోధుని ఉక్కుబొమ్మగా గాక, ఇట్టి కుట్టు అంగీ తొడిగినవానిగా భావించుటయే యుక్తమని మేము తలంచుచున్నాము.