కారు ఒంట్లో దాగిన నీరు: జాడ తీయడం ఎలా?

వానలు మొదలైన కొద్ది వారాలకే కారున్న ఇళ్లలో ఒక ఫిర్యాదు వినిపిస్తుంది. రాత్రంతా బిగించి ఉంచిన తలుపు పొద్దున తీయగానే ముక్కిన వాసన గుప్పుమంటుంది. అద్దాలకు లోపలివైపు ఆవిరి పట్టి ఉంటుంది. కాళ్ల కింది కార్పెట్టు చేతికి చెమ్మగా తగులుతుంది. గ్యారేజీకి తీసుకువెళితే ముందు అద్దం చుట్టూ గమ్ము పూసి పంపిస్తారు. పై వానకు మళ్లీ అదే తడి. నీరు ఏ దారిన వచ్చిందో తేల్చకుండా కనబడిన సందునల్లా మూయడం వల్ల వచ్చే అవస్థ ఇది.

ముందుగా గ్రహించవలసిన విషయం ఒకటున్నది. కారు నీరు చొరని డబ్బా కాదు. పెంకుటింటికి చూరు, తూము ఎలాగో కారుకూ అలాంటి ఏర్పాటే ఉంటుంది. కొన్ని చోట్ల నీటిని లోనికి రానిచ్చి, దారి చూపి, కిందికి వదిలివేస్తారు. కనుక చాలా సందర్భాలలో వెదకవలసినది నీరు వచ్చే కన్నాన్ని కాదు, పోవలసిన తూమును.

తలుపునే తీసుకుందాం. అద్దం దిగే చీలిక దగ్గర ఉండే రబ్బరు పట్టీ నీటిని తుడుస్తుంది గాని పూర్తిగా ఆపదు. వాన కురిసినప్పుడల్లా తలుపు డొల్లలోకి కొంత నీరు దిగుతూనే ఉంటుంది. అది పోవడానికి తలుపు అడుగు అంచున చిన్న రంధ్రాలు ఉంటాయి. ఆ నీరు సీట్ల వైపు రాకుండా లోపలి అట్ట వెనుక ఒక ప్లాస్టిక్ పొరను జిగురుతో అంటిస్తారు. రంధ్రాలు పూడితే తలుపు కుండలా నిండుతుంది. బ్రేకు వేసినప్పుడో, తలుపు ఊపినప్పుడో లోపల నీరు కదిలే చప్పుడు వినిపిస్తుంది. పొర చిరిగిన కారులో ఈ చప్పుడు ఉండదు, కాని కార్పెట్టు తడుస్తుంది. కొత్త స్పీకర్లు పెట్టించిన తరువాతో, అద్దం మోటారు బాగు చేయించిన తరువాతో తడి మొదలైతే ఆ పొరను మళ్లీ సరిగా అంటించలేదని అనుమానించవచ్చు.

రంధ్రాలు పూడడానికి మన ప్రాంతాల దుమ్మే చాలు. బళ్లారి, సండూరు వైపు ఇనుప ఖనిజపు ఎర్రదుమ్ము, నల్లరేగడి పల్లెల్లో జిగట మట్టి తడిసి ఆరి గట్టిపడతాయి. కళ్లం పక్కన నిలిపిన కారులో వరిపొట్టు చేరుతుంది. ఇక టింకరింగ్ షెడ్డులో సొట్ట తీసి పూసే లప్పం, కారు అడుగున దట్టంగా కొట్టే నల్లని పూత కూడా ఈ రంధ్రాలను మూసివేస్తాయి. తుప్పు పట్టకూడదని డబ్బిచ్చి చేయించిన పూతే తుప్పుకు దారి తీస్తుందన్నమాట! ఇంకా ఘోరమేమిటంటే, నీరు ఈ రంధ్రాల గుండానే లోనికి వస్తున్నదనుకొని కొందరు ఎంసీల్ పెట్టి మూయిస్తారు. అలా ఎన్నడూ చేయరాదు.

రెండవ చోటు వైపర్ల కింద ఉండే తొట్టి. బానెట్టుకూ ముందు అద్దానికీ నడుమ నల్లని ప్లాస్టిక్ జల్లెడ కనిపిస్తుంది. అద్దం మీద పడిన వాన అంతా దాని కింది తొట్టిలోకి దిగి, రెండు పక్కల తూముల గుండా చక్రాల వెనుక నేల మీద పడుతుంది. చింతచెట్టు కింద నిలిపే కార్లకు ఇక్కడే చిక్కు. వేపాకు పైన నిలిచిపోతే ఏరి పారవేయవచ్చు. చింతాకు సన్నని సందులలోంచి జారి, అడుగున కుళ్లి, ఎరువులా ముద్దకట్టి తూమును మూసివేస్తుంది. ఎలుకలు గూడు పెట్టడానికి ఇష్టపడే చోటు కూడా ఇదే. ఏసీ బ్లోయరు బయటి గాలిని పీల్చుకొనే దారి ఈ తొట్టి నుంచే ఉంటుంది. తొట్టి నిండి పొర్లితే నీరు ఆ దారిన లోపలికి వస్తుంది. మన దేశపు కార్లలో స్టీరింగు కుడివైపు ఉంటుంది కనుక బ్లోయరు సాధారణంగా ఎడమవైపు అమరుస్తారు. అందువల్ల ముందు ఎడమ సీటులో కూర్చున్నవారి పాదాలు తడుస్తాయి.

సరిగ్గా అదే చోటును తడిపే కారణం మరొకటి ఉన్నది. ఏసీ నడిచేటప్పుడు గాలిలోని తేమ నీరుగా మారి, ఒక చిన్న గొట్టం గుండా కారు కింద చుక్కలు చుక్కలుగా పడాలి. ఆ గొట్టం దుమ్ముతోనో, కందిరీగలు పెట్టిన మట్టిగూటితోనో మూసుకుపోతే నీరు వెనక్కి మళ్లి ఎడమ కార్పెట్టు మీదికి వస్తుంది. ఉక్కగా ఉన్న రోజున ఏసీ పావుగంట నడిపి, నిలిపిన చోట నేల చూడండి. చుక్క పడకపోతే సందేహించవలసినదే. ఇక ఆ తడి వేలికి జిడ్డుగా తగిలి, రంగుతో, తియ్యని వాసనతో ఉంటే అది నీరు కాదు, కూలెంటు. కూలెంటు విషం, పిల్లల చేతికి అందనీయరాదు. బండిని వెంటనే మెకానిక్కుకు చూపించాలి.

ఎడమ కాళ్ల దగ్గరి తడికి ఇన్ని కారణాలు ఉన్నప్పుడు ఎక్కడ తడిసిందన్న దానికన్నా ఎప్పుడు తడిసిందన్నదే ఎక్కువ చెబుతుంది. వాన లేని ఎండాకాలంలో దూరప్రయాణం చేసిన రోజున తడిస్తే ఏసీ గొట్టం. నిలిపి ఉంచిన బండి వానకు తడిస్తే తొట్టి, తలుపు పొర లేదా సన్‌రూఫ్. తడిసిన రోడ్డు మీద నడిపినప్పుడు మాత్రమే తడిస్తే అడుగున ఊడిన రబ్బరు బిరడా. రెండు వారాల పాటు ఒక కాగితం మీద ఇది రాసి పెట్టుకుంటే సగం పరీక్ష పూర్తయినట్లే. హోసూరులో తమిళం, బళ్లారిలో కన్నడం, బరంపురంలో ఒడియా మాట్లాడే మెకానిక్కుకు లోపం వివరించలేక మనవారు ఇబ్బంది పడుతుంటారు. తడి ఎప్పుడు, ఏ పని తరువాత వచ్చిందో చెప్పగలిగితే భాష పెద్ద అడ్డంకి కాదు.

సన్‌రూఫ్ ఉన్న కార్లు ఇప్పుడు పల్లెల్లోనూ కనిపిస్తున్నాయి. దాని అద్దం చుట్టూ ఉన్న రబ్బరు నీటిని పూర్తిగా ఆపుతుందని భ్రమపడరాదు. దిగిన నీరు కింది పళ్లెంలో చేరి, మూలల నుంచి సన్నని గొట్టాల గుండా స్తంభాల లోపలి నుంచి కిందికి పోతుంది. అద్దం తెరిచి పళ్లెం మూలలో చిన్న గ్లాసుడు నీరు మెల్లగా పోసి చూడండి. కొద్ది సేపటిలో కారు కింద ధార కనిపించాలి. నిలిచిపోతే సన్నని నైలాను తీగతో మెల్లగా శుభ్రం చేయించాలి. కంప్రెసర్ గాలి గట్టిగా కొట్టిస్తే స్తంభం లోపల గొట్టం ఊడి, చిన్న లోపం పెద్దదవుతుంది.

డిక్కీలో అయితే స్టెప్నీ ఎత్తి చూడాలి. గుంటలో నీరుంటే వెనుక దీపాల రబ్బరు, డిక్కీ తలుపు రబ్బరు, పైకప్పు మీది ఏరియల్ మొదలు పరీక్షించదగినవి.

నీటి పరీక్ష ఇంట్లోనే చేయవచ్చు. లోపల పూర్తిగా తుడిచి, అనుమానం ఉన్న చోట పాత వార్తాపత్రికలు పరచాలి. ఒకరు టార్చి పట్టుకొని లోపల కూర్చోవాలి, మరొకరు బయటి నుంచి గొట్టంతో మెల్లగా నీరు పెట్టాలి. ఎప్పుడూ కింది భాగం నుంచి మొదలుపెట్టి, ఒక్కొక్క చోట ఐదు నుంచి పది నిమిషాలు ఆగుతూ పైకి వెళ్లాలి. పై నుంచి మొదలుపెడితే నీరు అన్నిటి మీదుగా కారుతుంది, ఏది కారణమో తేలదు. కార్ల వాషింగుకు వాడే ఒత్తిడి ధార పనికిరాదు. అది మంచి రబ్బరును కూడా దాటి లోపలికి పోతుంది.

తలుపు రంధ్రాలు తీయడానికి కొబ్బరి ఈనెను మించిన సాధనం లేదు. ఇనుప తీగతో పొడిస్తే రంగు గీసుకుపోయి అక్కడే తుప్పు మొదలవుతుంది. తరువాత ఆరబెట్టడం ముఖ్యం. కార్పెట్టు కింద దళసరి స్పాంజి ఉంటుంది. పైన పొడిగా తగిలినా అది రోజుల తరబడి నీటిని పట్టి ఉంచుతుంది. కార్పెట్టును ఎత్తి కింద ఫ్యాను గాలి తగలనివ్వాలి. సీట్ల కింద పసుపు రంగు కనెక్టర్లు కనిపిస్తే వాటిని ముట్టుకోరాదు. అవి ఎయిర్‌బ్యాగువి, తెలిసిన మెకానిక్కే విప్పాలి. తడి ఆ తీగలకు చేరితే డ్యాష్‌బోర్డు మీద ఎయిర్‌బ్యాగు దీపం వెలుగుతుంది. ఆ దీపం వెలుగుతుండగా ప్రమాదం జరిగితే ఎయిర్‌బ్యాగు తెరుచుకోకపోవచ్చు.

తడి వల్ల జరిగే నష్టం వాసనతో ఆగదు. తలుపుల కింద గడపలా ఉండే పొడవాటి బోలు భాగం కారుకు దూలం వంటిది. పక్క నుంచి దెబ్బ తగిలినప్పుడు కాపాడే భాగాలలో అది ఒకటి. దాని తూములు పూడితే రేకు లోపలి నుంచి తుప్పు తింటుంది. బయట రంగు పొక్కులు లేచే సమయానికి లోపల చాలా భాగం పోయి ఉంటుంది. యానాం, గోపాలపూర్ వంటి తీరప్రాంతాలలో ఉప్పుగాలి వల్ల ఇది మరింత త్వరగా జరుగుతుంది.

మనవారిలో చాలామంది పాత కార్లను పక్క నగరాల నుంచి కొంటారు కనుక ఇంకొక జాగ్రత్త అవసరం. 2015 డిసెంబరు వరదలలో చెన్నైలో అసంఖ్యాకంగా కార్లు మునిగాయి. బీమా సంస్థల చేతికి వచ్చిన అనేక కార్లు వేలంలో అమ్ముడుపోయాయి. 2022 సెప్టెంబరులో బెంగళూరులో, 2023 డిసెంబరులో మళ్లీ చెన్నైలో, 2024 సెప్టెంబరులో విజయవాడలో కూడా కార్లు నీట మునిగాయి. తూము పూడిన కారులో తడి ఒక మూలనే ఉంటుంది. మునిగిన కారులో జాడలు అన్ని వైపులా ఒకే ఎత్తున కనిపిస్తాయి. సీటు బెల్టును చివరిదాకా లాగితే బురద గీత కనబడవచ్చు. సీట్ల పట్టాల బోల్టులకు తుప్పు, వెనుక దీపాల లోపల మట్టి చార ఉండవచ్చు. కొత్త కార్పెట్టు వేసిన పాత కారును మరింత శ్రద్ధగా చూడాలి. బేరం మాట్లాడే ముందు స్టెప్నీ ఎత్తి, ముందు ఎడమవైపు కార్పెట్టు అంచు పైకి లేపి, కింది స్పాంజిని చేతితో నొక్కి చూస్తామని అడగండి. అందుకు ఒప్పుకోని అమ్మకందారు దగ్గర బయానా ఇవ్వకుండా తిరిగి రావడం మేలు.