కాప్టెన్ నౌక ఒరుగుడు

క్రిమియా యుద్ధకాలమున, 1855లో, ఆంగ్ల నౌకాధికారి కౌపర్ కోల్స్ పీపాలను దూలములతో బిగించి తెప్ప గట్టి, దానిపై నొక పెద్ద ఫిరంగి నెక్కించి, అజోవ్ సముద్రపు లోతులేని నీళ్లలో శత్రువుపై ప్రయోగించెను. నీటిమట్టమునకు మిక్కిలి చేరువనుండి నలుదిక్కులకు దిరుగు ఫిరంగియే భావి నౌకాయుద్ధములను శాసించునను విశ్వాసము ఆయన కట్లు కుదిరినది. దాని ఫలముగా 1869లో బర్కెన్‌హెడ్ నందలి లెయిర్డు సోదరుల నౌకాశాలనుండి ‘కాప్టెన్’ అను ఇనుప యుద్ధనౌక వెలువడెను. నౌకాదళ ప్రధాన నిర్మాత ఎడ్వర్డ్ రీడ్ మొదటినుండియు అభ్యంతరము జెప్పుచునే యుండెను. పత్రికలును పార్లమెంటును కోల్స్ పక్షము వహించినవి. నీటిపై 8 అడుగుల ఎత్తున నుండవలసిన డెక్కు, బరువు మితిమీరుటచే ఆరున్నర అడుగులకు దిగినది; మహోన్నతములైన మూడు తెరచాప కొయ్యలు మాత్ర మట్లే నిలిచినవి.

తేలు వస్తువు ఒరిగినప్పుడు మునిగిన భాగపు ఆకృతి మారి, నీరు పైకి నెట్టు కేంద్రము ఒరిగిన వైపునకు జరుగును. క్రిందికి లాగు బరువునకును ఈ నెట్టునకును నడుమ నేర్పడు ఎడమే నౌకను మరల నిలువబెట్టును. ఆ నెట్టు రేఖ నౌక మధ్యరేఖను ఖండించు బిందువు గురుత్వకేంద్రమునకు పైన నున్నచో నౌక కుదురుగా నుండునని ఫ్రెంచి పండితుడు బూగే 1746లోనే నిరూపించి, దానికి మెటాసెంటరని పేరిడెను. ఈ పరీక్షలో ‘కాప్టెన్’, తోటి నౌక ‘మొనార్క్’ కేమియు దీసిపోదు. అయితే ఇది స్వల్పమైన ఒరుగుడునకు జెల్లు న్యాయము. డెక్కు అంచు మునిగిన పిమ్మట ఆ వైపున క్రొత్తగా మునుగుటకు మిగులునది స్వల్పమగుటచే, ఆ యెడము పెరుగుట మందగించి, పిదప తరుగసాగును. ‘కాప్టెన్’ అంచు 14 డిగ్రీలకే మునుగును. దాని నిలదొక్కుకొను శక్తి 21 డిగ్రీలకడ పరాకాష్ఠ నంది, 54 డిగ్రీలకు సున్నయగును. ఎత్తైన ప్రక్కలుగల ‘మొనార్క్’ శక్తి 40 డిగ్రీలవరకు పెరుగుచునే యుండును.

1870 జూలైలో పోర్ట్స్‌మత్ రేవున డెక్కుపై బరువులు ప్రక్కకు జరిపి, ఒరిగినంత కొలిచి, దానిపై గట్టిన లెక్కలివి. లెక్క తేలునప్పటికి నౌక సముద్రముమీద నున్నది. నా మనస్సును మిక్కిలి కలచునది ఇదియే.

సెప్టెంబరు 6న ఆ నౌకను జూడవచ్చిన అడ్మిరల్ మిల్న్, గాలివాలు ప్రక్కన డెక్కుపైకి నీరెక్కుటగాంచి కలతజెందెను. అర్ధరాత్రి దాటిన కొంతసేపటికి, స్పెయిను దేశపు ఫినిస్టెర్ అగ్రము చేరువ, పెనుగాలికి తెరచాపలు దించులోపలనే నౌక తలక్రిందయ్యెను. కోల్స్‌తో సహా 470 మందికి పైగా మరణించిరి. 18 మంది యొడ్డు జేరిరి. ఆ గాలిలోనే ‘మొనార్క్’ నిలిచినది.

నౌకాదళ నిర్మాతల అభిప్రాయమునకు విరుద్ధముగా, లోకాభిప్రాయమును మన్నించి కట్టిన నౌక యని సైనిక న్యాయస్థానము తేల్చినది. అటుపిమ్మట, ఎంత ఒరిగిన నెంత శక్తి మిగులునో తెలుపు వక్రరేఖ గీయుట నౌకా నిర్మాణమున విధియైనది. బరువులు జరిపి ఒరుగుడు కొలుచు ఆ పరీక్షను నేటికిని క్రొత్త నౌకలపై జరుపుచునే యున్నారు.