మేఘం చాటు వెలుగు

మేఘం అనగానే మనకు మొదట స్ఫురించేది వర్షం. ఎండకు వాడిన బాటసారికి మేఘం నీడనిస్తుంది. బీటలు వారిన నేలకు నీరిస్తుంది. అందుకే మన ప్రాచీన కవులు దానిని దాతకు ఉపమానంగా నిలిపారు. అయితే కవుల కంటికిగాని, కర్షకుల కంటికిగాని కనిపించని మరొక పని కూడా మేఘం చేస్తుంది. గాలి తనను తాను శుభ్రపరచుకోవడానికి అవసరమైన వెలుగును అది ఒకచోట తగ్గిస్తుంది, మరొకచోట పెంచుతుంది.

గాలి శుభ్రపడడమేమిటన్న సందేహం కలగవచ్చు. పశువుల నెమరువేత, వరిమళ్లు, బొగ్గుగనులు మొదలైన వాటి నుంచి మీథేన్ వాయువు నిరంతరం వెలువడుతుంది. మానవ కార్యకలాపాల వల్ల పెరిగి భూతాపానికి కారణమవుతున్న వాయువులలో కార్బన్ డై ఆక్సైడ్ తరువాతి స్థానం దానిదే. ఒక్కొక్క మీథేన్ అణువు సగటున సుమారు 9 సంవత్సరాలు గాలిలో ఉండి నశిస్తుంది. దానిని ప్రధానంగా నశింపజేసేది హైడ్రాక్సిల్ అనే ప్రాతిపదిక. దీని ఆయుర్దాయం దాదాపు ఒక సెకను మాత్రమే. అందువల్ల అది క్షణక్షణం కొత్తగా పుట్టవలసిందే. సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాలు ఓజోన్ అణువును విడగొడతాయి. అలా వెలువడిన ఆక్సిజన్ పరమాణువు నీటి ఆవిరితో చర్య జరిపినప్పుడు హైడ్రాక్సిల్ జనిస్తుంది. కాంతి వల్ల అణువు ఇలా విడిపోవడమే కాంతి వియోగం. ఆ వియోగం మందగిస్తే గాలి శుద్ధి కూడా మందగిస్తుంది.

మేఘం అడ్డువస్తే వెలుగు తగ్గుతుందనుకోవడం సహజం. దట్టమైన మేఘం కింద ఆ మాట నిజమే. మేఘం పైన పరిస్థితి వేరు. తెల్లని మేఘతలం సూర్యకిరణాలను తిరిగి పైకి పంపుతుంది. అద్దాల మేడలో నిలిచిన మనిషికి నలుదిక్కుల నుంచి వెలుతురు సోకినట్లు, అక్కడి అణువుకు సూర్యుని వెలుగుతోపాటు కింది నుంచి మరలివచ్చిన వెలుగు కూడా తగులుతుంది. కాబట్టి మేఘాల పైన కాంతి వియోగం వేగం పుంజుకుంటుంది.

దీనిని కొలవడం ఎలా? నేలపై బల్లపరుపుగా అమర్చిన సాధనం పైనుంచి పడే ఎండను మాత్రమే కొలుస్తుంది. అణువుకు పైవైపు, కిందివైపు అన్న భేదం లేదు. అందుచేత నాసా సంస్థ 2016 నుంచి 2018 వరకు ‘ఆటమ్’ అనే పరిశోధనలో భాగంగా డీసీ-8 విమానాన్ని నాలుగు ఋతువులలో నాలుగుసార్లు పసిఫిక్, అట్లాంటిక్ మహాసముద్రాల మీదుగా నడిపింది. అది సుమారు 200 మీటర్ల ఎత్తుకు దిగుతూ, 12 కిలోమీటర్ల వరకు లేస్తూ సాగింది. విమానం పైభాగాన ఒకటి, అడుగుభాగాన ఒకటి అమర్చిన కాంతిమాపకాలు అన్ని దిక్కుల వెలుగునూ గ్రహించాయి. ఆ కొలతల నుంచి వచ్చిన కాంతి వియోగ వేగాన్ని, మేఘాలే లేకుంటే ఉండదగిన వేగంతో శాస్త్రవేత్తలు భాగించారు. ఫలితం 1 కంటే తక్కువైతే మేఘం ఆ వేగాన్ని తగ్గించినట్లు, ఎక్కువైతే పెంచినట్లు.

2016లో పసిఫిక్ మీద సేకరించిన కొలతలను 9 కంప్యూటర్ నమూనాల లెక్కలతో పోల్చి 2018లో ప్రకటించారు. ఆ నమూనాలు 50 నుంచి 200 కిలోమీటర్ల మేర ఆకాశాన్ని ఒకే గడిగా భావిస్తాయి. వాటిలో కొన్ని మేఘ ప్రభావం అధికమన్నాయి; మిగిలినవి స్వల్పమన్నాయి. కొలతలు మొదటి పక్షం వైపే మొగ్గాయి. అయితే మేఘాలను లెక్కించే పద్ధతులలో ఏది ఉత్తమమో తేల్చడానికి ఆ కొలతలు చాలవని పరిశోధకులే స్పష్టం చేశారు.

మన తార్కికులు చెప్పిన ప్రమాణాలలో ప్రత్యక్షం, అనుమానం ముఖ్యమైనవి. కంప్యూటర్ లెక్క అనుమానం వంటిది. విమానంలోని కొలత ప్రత్యక్షం వంటిది. మీథేన్ ఎంతకాలం నిలుస్తుందో, భూమి ఎంత వేడెక్కుతుందో ముందుగా చెప్పే లెక్కలలో మేఘం విషయం తప్పితే ఆ మేరకు అంచనా కూడా తప్పుతుంది. ప్రత్యక్షంతో అనుమానాన్ని సరిదిద్దుకోవడం, తేలని చోట తేలలేదని ఒప్పుకోవడం శాస్త్రానికి శోభ. రేపటి తరాల క్షేమం ఆ నిజాయితీ మీదనే ఆధారపడి ఉంది.