పురిటి కాగితాలలో గుండె జాడ

గుండె కండరానికి రక్తం చేరవేసే ధమనుల గోడలలో కొవ్వు పేరుకొని దారి ఇరుకు కావడాన్ని హృద్ధమని వ్యాధి అంటారు. ఇరవయ్యవ శతాబ్దంలో అధికభాగం దీనిని మగవారి జబ్బుగానే లెక్కగట్టారు. అమెరికాలోని ఫ్రేమింగ్‌హామ్ పట్టణంలో 1948లో మొదలైన సుప్రసిద్ధ అధ్యయనంలో చేరిన 5,209 మందిలో సగానికి పైగా స్త్రీలే అయినప్పటికీ, 1964లో ఓరెగాన్‌లో స్త్రీల కోసమే ఏర్పాటైన హృద్రోగ సదస్సు ప్రధానంగా చర్చించినది భర్త గుండెను భార్య ఏ విధంగా కాపాడుకోవాలన్న విషయాన్నే.

ఆ దేశంలో 1984 నుండి దాదాపు మూడు దశాబ్దాల పాటు గుండె, రక్తనాళాల జబ్బులతో ఏటా మరణించినవారిలో పురుషుల కంటే స్త్రీలే ఎక్కువ. ఈ అంకె చూసి ముప్పు స్త్రీలకే హెచ్చని తేల్చడం తొందరపాటు. వయసుల తేడాను సరిచేసి పోల్చితే మరణాల రేటు పురుషులలోనే అధికం. స్త్రీలు ఎక్కువకాలం జీవించి జబ్బు ముదిరే వయసుకు చేరుకోవడం వలన, పురుషుల మరణాలు ముందుగా తగ్గుముఖం పట్టడం వలన లెక్క తారుమారైంది. 52 దేశాలలో జరిగి 2004లో వెలువడిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం ప్రకారం తొలి గుండెపోటు స్త్రీలకు సుమారు తొమ్మిదేళ్లు ఆలస్యంగా వస్తుంది.

కారణాలు చాలావరకు ఇద్దరికీ ఒకటే అయినా, పొగతాగడం, మధుమేహం ఈ రెండూ స్త్రీలకు మరింత చేటు చేస్తాయి. ఉత్తరాంధ్ర పల్లెలలో చుట్ట నిప్పును నోటిలోపల ఉంచుకొని అడ్డపొగ తాగే స్త్రీలను మినహాయిస్తే, తెలుగు స్త్రీలలో పొగతాగేవారు తక్కువే కనుక, ఆందోళన పడవలసినది మధుమేహం గురించే. ఛాతీనొప్పి ఇద్దరిలోనూ ప్రధాన లక్షణమే గాని, దానితోపాటు ఆయాసం, వికారం, దవడలోనో వీపులోనో నొప్పి స్త్రీలలో ఎక్కువగా కనబడతాయి కనుక, గ్యాసు పట్టిందనుకొని వాము నమిలి, వంట ముగించి, ఆ తరువాత గాని ఇంట్లోవారికి చెప్పని గృహిణికి విలువైన గంటలు చేజారిపోతాయి.

స్త్రీకి మాత్రమే చెందిన సూచనలు కాన్పుల చరిత్రలో దొరుకుతాయి. గర్భిణి గుండె మామూలు కంటే మూడవ వంతు నుండి సగం వరకు అదనంగా రక్తాన్ని తోడుతుంది. ఆ భారం కింద బయటపడే లోపాలలో ముఖ్యమైనవి గర్భకాలపు మధుమేహం, ఇరవై వారాల తరువాత రక్తపోటు పెరిగి సాధారణంగా మూత్రంలో ప్రొటీను పోయే ప్రీఎక్లాంప్సియా. ఇది ముదిరి మూర్ఛలు రావడాన్నే పెద్దలు గుర్రపువాతం అనేవారు. కాన్పయ్యాక సాధారణంగా షుగరు, బీపీ దిగిపోతాయి, ఫైలు మూతపడుతుంది. కానీ ప్రీఎక్లాంప్సియా వచ్చిన స్త్రీకి తరువాతి జీవితంలో గుండెజబ్బు ముప్పు సుమారు రెట్టింపు. అమెరికా వైద్యసంఘాల 2018 నాటి కొలెస్ట్రాల్ మార్గదర్శకాలు ముప్పు పెంచే అంశాలలో దీనితోపాటు దక్షిణాసియా వంశాన్నీ, నలభై ఏళ్లలోపే ముట్లుడగడాన్నీ చేర్చాయి.

ఈ చివరి అంశం తెలుగువారిని ప్రత్యేకంగా తాకుతుంది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 నుండి 49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం; దేశంలో మొదటి రెండు స్థానాలూ ఇవే. గర్భసంచితో పాటు అండాశయాలనూ తొలగిస్తే ధమనులకు కొంత రక్షణనిచ్చే ఈస్ట్రోజెన్ ఉత్పత్తి ఒక్కసారిగా పడిపోయి, ముట్లుడిగే దశ ముందే వచ్చేస్తుంది. పిల్లల దగ్గరకు విదేశం వచ్చిన తల్లి తరఫున కూతురో కోడలో ఆసుపత్రి ఫారం నింపేటప్పుడు, అండాశయాలు ఉంచారా, తీసేశారా అన్న ప్రశ్నకు చాలాసార్లు ఆ తల్లి వద్ద కూడా జవాబు ఉండదు. ఊళ్లో బీరువాలో మిగిలి ఉంటే, ఆనాటి డిశ్చార్జి చీటీయే చెప్పాలి.