మైకుసెట్టుకు మరుజన్మ

పెండ్లిపందిళ్లలోను శ్రీరామనవమి చలువపందిళ్లలోను ఏండ్ల తరబడి మ్రోగి, తుదకు అటకనెక్కి దుమ్ము మేయుచున్న ట్రాన్సిస్టరు మైకుసెట్టు యాంప్లిఫయరు, కొలదిపాటి సంస్కారముతో ఎలక్ట్రిక్ గిటారునకు ఆశ్రయము కాగలదన్న సంగతి చాలమంది యెరుగరు.

ఇందు మొదటి చిక్కు ప్రవేశద్వారముననే యున్నది. మైకు కొరకు నిర్మింపబడిన ఇన్‌పుట్టు సాధారణముగా కొన్ని వేల ఓముల నిరోధమునే కలిగియుండగా, తీగల క్రిందనుండు అయస్కాంతపు పికప్ సుమారు 10 లక్షల ఓములను కోరును. అంతకు మిక్కిలి తగ్గినచో పైస్వరముల తళుకు అణగి, నాదము కంబళి చుట్టిన మద్దెలవలె మందగించును. కావున ఒక ఫెట్ ట్రాన్సిస్టరు, 1 మెగోము రెసిస్టరు, మరి రెండు మూడు చిల్లర భాగములతో చిన్న బఫరును కట్టి ముందుంచవలెను.

రెండవ చిక్కు నిర్గమద్వారమునది. 100 వోల్టుల లైనుకొనను విడిచి, 8 ఓముల స్పీకరును 8 ఓముల కొనకే కలుపవలెను. ఊరేగింపు హారను ఇచ్చట పనికిరాదు. 12 అంగుళముల గిటారు స్పీకరు 5 వేల హెర్ట్‌జులకు పైబడిన కరకుదనమును చాలవరకు తానే వడగట్టును. ట్రాన్సిస్టరు పరిమితి దాటినంతనే స్వరము కటువుగా చీలును గనుక, గరగర కావలసినవారు దానిని పెడలుతో తెచ్చుకొనుట మేలు.

ఒక్క హెచ్చరిక: ప్లగ్గు పెరికిన పిదపను పెద్ద కెపాసిటర్లలో విద్యుత్తు నిలిచియుండును, రెసిస్టరుతో దానిని ఖాళీచేసి, మీటరున సున్న చూచిన పిమ్మటనే లోపల చేయి పెట్టుడు.