సిమెంటు రేకులూ, రాతినార గనులూ

గాలివాన అనగానే ఏలూరులోనూ, తాడేపల్లిగూడెంలోనూ, కొల్లేటి లంకల్లోనూ మన మొదటి బెంగ ఇంటిమీది రేకుల గురించే కదండీ. ఆ బూడిదరంగు సిమెంటు రేకులు ఒట్టి సిమెంటు కావు. అందులో సుమారు పదోవంతు రాతినార, అంటే ఆస్బెస్టాస్ కలుస్తుంది. పేరుకు రాయే గాని, దూది ఏకినట్టు పోగులుగా విడిపోతుంది.

కడప జిల్లా పులివెందుల దగ్గర, బ్రాహ్మణపల్లి ప్రాంతంలో ఈ రాయిని తవ్వేవారు. రాయి కొట్టి నార వేరుచేసేటప్పుడు లేచే దుమ్ములో కంటికి ఆనని పోగులుంటాయి. అవి ఊపిరితిత్తుల అడుగుకంటా దిగితే అరగవు, కరగవు. వాటి చుట్టూ ఊపిరితిత్తి గట్టిపడుతుంది. మొదట మెట్లెక్కితే ఆయాసం, తర్వాత కూర్చున్నా ఆయాసం. ఆస్బెస్టోసిస్ అనే ఈ జబ్బును వెనక్కు తిప్పే మందు లేదు. కాన్సరయితే 20 నుంచి 40 ఏళ్లకు గాని బయటపడదు. చుట్టా సిగరెట్టూ తోడయితే ఊపిరితిత్తుల కాన్సరు ముప్పు ఎన్నో రెట్లు.

అసలు చిక్కంతా ఈ ఆలస్యంలోనే ఉంది. గనిపని మాని ఊరు చేరిన మనిషి ముసలితనంలో పోతే ఉబ్బసమంటారు, క్షయ అంటారు. గనికీ చావుకీ ముడి వేసేదెవరు? అందుకే 1995లో సుప్రీంకోర్టు, ఈ కార్మికుల ఆరోగ్య రికార్డు పనిలో చేరిననాటినుంచి 40 ఏళ్లు గాని, పని మానాక 15 ఏళ్లు గాని, ఏది తర్వాతయితే అంతవరకూ దాచాలంది. రోజుకూలికి తట్ట మోసిన ఆడమనిషి పేరు ఆ రికార్డుకెక్కుతుందా అని నా అనుమానం.

గనిలోకి దిగనివారికి భయం లేదనుకోకండి. ఆస్ట్రేలియాలో విట్టెనూమ్ అనే చోట నీలిరకం రాతినార గని 1966లో మూతపడింది. చాలామంది అక్కడ కొద్ది నెలలే పనిచేశారు. అయినా దశాబ్దాల తర్వాత వారిలో ఎందరినో కాన్సరు పొట్టన పెట్టుకుంది. వారి బట్టలు దులిపి ఉతికిన ఇల్లాళ్లకూ, ఆ ఊళ్లో పెరిగిన పిల్లలకూ వచ్చింది.

మన దేశంలో 1986లో ఈ గనులకు కొత్త లీజులు ఆపేశారు. రేకుల తయారీ మాత్రం ఆగలేదు. నార రష్యావంటి దేశాలనుంచి దిగుమతవుతోంది.

రేకు చెక్కుచెదరకుండా ఉన్నంతకాలం కంగారు పడనక్కరలేదు. కోసినా, తొలిచినా, పొడిగా రుద్దినా పోగులు లేస్తాయి. పాచి పట్టిందని బ్రష్షుతో గీకించకండి. పగిలితే నీళ్లు చల్లి, ముక్కలు ఎత్తి, ప్లాస్టిక్ సంచిలో మూట కట్టించండి. చీపురు పట్టవద్దు, తడిగుడ్డతో తుడవండి. మా పెరట్లో కోళ్లగూటిమీద అలాంటి పగిలిన ముక్కే ఏళ్లతరబడి ఉండేది. పిల్లలు దానితో నేలమీద గీతలు గీసి తొక్కుడుబిళ్ల ఆడేవారు.